స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లకి ఏం కావాలి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే దారిలో ఉన్నాయి. ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవాలి, పబ్లిక్ పాలసీ చదవాలి, ఐఎఫ్ఎస్ (మన విదేశాంగ సర్వీసు) కావాలి, ఐక్యరాజ్యసమితిలో పనిచేయాలి, కానీ ఇంట్లో అంత డబ్బు లేదు, స్కాలర్‌షిప్ ఎవరిస్తారు అని. ఇంజినీరింగ్ వాళ్లకైతే అమీర్‌పేటలో మెట్టుకో కన్సల్టెన్సీ ఉంది. ఈ చదువులకి దారి చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఈసారి పేజీ అంతా వీటికే ఇచ్చేశాను. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు ఏమనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు. బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నకి రెండెకరాల పొలం. ఐఎఫ్ఎస్ అవ్వాలని నా కోరిక. డిగ్రీ అవగానే విదేశాల్లో ఎంఏ చేయడానికి పూర్తి స్కాలర్‌షిప్ దొరుకుతుందా? చెవెనింగ్‌కి అప్లై చెయ్యమని మా సీనియర్ అక్క చెప్పింది.

మీ అక్క మంచి పేరే చెప్పింది గానీ రెండేళ్లు ముందు చెప్పిందమ్మా. చెవెనింగ్ బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చేది, అక్కడ ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, విమానం టికెట్, నెలనెలా ఖర్చులు అన్నీ వాళ్లే చూసుకుంటారు. కానీ రెండేళ్ల పని అనుభవం కావాలి, లెక్క కూడా గంటల్లో అడుగుతారు, 2,800 గంటలు. అమెరికాకి పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కైతే మూడేళ్ల ఉద్యోగం ఉండాలి, పైగా మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే సరిపోదు, దాని మీద ఇక్కడే పీజీ ఏదైనా పూర్తి చేసి ఉండాలి. డిగ్రీ పట్టా చేతిలోకి వచ్చిన నెలలో ఈ రెండూ నీకు అందవు.

డిగ్రీ అవగానే ప్రయత్నించగలిగేవి లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌కి పంపే రోడ్స్ స్కాలర్‌షిప్ ఉంది, దేశం మొత్తానికి ఏడాదికి ఐదారుగురు, అంతే. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉంది, రెండేళ్ల కోర్సుని కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు, ఫీజు కాక నెలకి 1,400 యూరోలు ఇస్తారు, దానికి ఉద్యోగ అనుభవం తప్పనిసరి అనే నియమం సాధారణంగా ఉండదు, కోర్సుని బట్టి చూసుకోవాలి. వీటికి అప్లై చెయ్యి, పోయేదేం లేదు. కాకపోతే వాటి మీదే ఆశ పెట్టుకుని ఏడాదంతా ఇంట్లో కూర్చోవద్దు.

అసలు సంగతి ఇంకోటి. ఐఎఫ్ఎస్‌కి విదేశీ డిగ్రీ అక్కర్లేదు. ఐఏఎస్, ఐపీఎస్ ఎంపిక జరిగే యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే ఐఎఫ్ఎస్‌కీ, ఏ డిగ్రీ ఉన్నా చాలు. లండన్‌లో ఎంఏ చేసినా, పార్వతీపురంలో బీఏతో ఆపినా ఆ పరీక్షలో దానికంటూ ఒక్క మార్కు కలవదు. కాబట్టి నీకు కావలసింది ఐఎఫ్ఎస్సా, విదేశంలో చదువా అన్నది ముందు తేల్చుకో. రెండూ మంచివే గానీ రెండూ ఒకటి కాదు, చాలామంది ఇక్కడే తికమకపడి మూడు నాలుగేళ్లు పోగొట్టుకుంటారు.

ఐఎఫ్ఎస్సే అయితే ఈ ఏడాదే చేయదగ్గ పని ఒకటుంది. మన విదేశాంగ శాఖ ఢిల్లీలో ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. డిగ్రీ చివరి ఏడాది వాళ్లు కూడా పెట్టుకోవచ్చు, వయసు 25 దాటకూడదు, ఒకటి నుంచి మూడు నెలలు, నెలకి 10,000 రూపాయలు, రానుపోను ప్రయాణం ఖర్చు కూడా ఇస్తారు. అన్ని రాష్ట్రాల వాళ్లకీ చోటు ఉండేలా ఎంపిక చేస్తారు, అందులోనూ కేంద్రం వెనకబడినవిగా గుర్తించి ‘ఆకాంక్షిత జిల్లాలు’ అని పేరు పెట్టిన జిల్లాల పిల్లలకి కొంత మొగ్గు ఉంటుంది. 2018లో ఆ జాబితా వేసినప్పుడు ఆంధ్ర నుంచి విజయనగరం, విశాఖపట్నం, కడప ఉన్నాయి, మీ పార్వతీపురం అప్పుడు విజయనగరం జిల్లాలోదే. కలెక్టరాఫీసు గోడ మీద ఆ మాట నువ్వు చూసే ఉంటావు. ఇన్నాళ్లకి అది నీకు పనికొచ్చే చోటు ఇది.

ఎంఏ సంగతికొస్తే, జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955 నుంచీ ఉంది, మొదట విడి సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు, ట్యూషన్ ఫీజు మీ ఊళ్లో ప్రైవేటు స్కూలు ఎల్‌కేజీ కంటే తక్కువ, అతిశయోక్తి కాదు. ఎంఏ అయ్యాక యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000 వస్తాయి, తర్వాత ఇంకాస్త పెరుగుతుంది. దీన్ని మనవాళ్లు ఎందుకో స్కాలర్‌షిప్ లెక్కలోనే వేసుకోరు, విమానం ఎక్కలేదనేమో.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లు చేశాను, బీటెక్. బోర్ కొట్టి కాదు గానీ పబ్లిక్ పాలసీ వైపు వెళ్లాలని చాలా గట్టిగా ఉంది. చెవెనింగ్, ఫుల్‌బ్రైట్ రెండిట్లో నాకు ఏది వచ్చే అవకాశం ఉంది? ఎస్సేలు రాయడం మొదలుపెట్టాను, ఎంత రాసినా చప్పగా ఉంటున్నాయి.

బీటెక్ నాలుగేళ్లు కాబట్టి డిగ్రీ చిక్కు మీకు లేదు. తేడా అనుభవం దగ్గర వస్తుంది. చెవెనింగ్‌కి రెండేళ్ల పని ఉంటే చాలు, అది సాఫ్ట్‌వేర్ అయినా ఫర్వాలేదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ వాళ్లు మీరు చదవబోయే రంగానికి సంబంధించిన అనుభవం మూడేళ్లు అడుగుతారు. అంతర్జాతీయ వ్యవహారాలు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక లాంటి కొన్ని సబ్జెక్టులకే ఇస్తారు కూడా. బ్యాంకు యాప్‌కి కోడ్ రాసిన నాలుగేళ్లని పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అని చూపించడం కష్టం. అదే ప్రభుత్వ ప్రాజెక్టు, ధరణి లాంటిదో ఈ-ప్రొక్యూర్‌మెంట్ లాంటిదో చేసి ఉంటే కథ వేరు.

రెండింటికీ ఉమ్మడిగా ఒక షరతు ఉంది, అప్లికేషన్ నింపే ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. ఫుల్‌బ్రైట్ మీద జె-1 వీసాతో వెళ్తే, ఆ రెండేళ్లు ఇక్కడ గడిపేదాకా హెచ్-1బీ రాదు, గ్రీన్ కార్డూ రాదు, మినహాయింపు కూడా దాదాపు దొరకదు. ‘మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు’ అని పెళ్లి సంబంధాల వాళ్లకి చెప్పేసి, తర్వాత ‘తిరిగొచ్చేస్తాడట’ అని తెలిసి అల్లరైన ఇళ్లు నేను చూశాను.

ఎందుకీ షరతు అంటే, వాళ్లు దానం చేయడం లేదు. చెవెనింగ్ అనేది కెంట్‌లో ఉన్న ఒక పెద్ద బంగళా పేరు, బ్రిటన్ విదేశాంగ మంత్రి వాడుకునే బంగళా. 1983 నుంచి ఆ దేశ విదేశాంగ శాఖ డబ్బుతో ఈ స్కాలర్‌షిప్ నడుస్తోంది. పదిహేనేళ్ల తర్వాత ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఒక పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషికి లండన్ అంటే కాస్త అభిమానం, అక్కడ నలుగురు స్నేహితులు ఉండాలి. వాళ్లు కొనుక్కునేది అదీ. ఇందులో తప్పేం లేదు, దౌత్యం అంటేనే అది, మన విదేశాంగ శాఖ నడిపే ఐటెక్ కార్యక్రమం కింద మనం కూడా ఆఫ్రికా, ఆసియా దేశాల అధికారులని పిలిచి శిక్షణ ఇస్తున్నాం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, చెవెనింగ్ నాలుగు ఎస్సేలు ఎందుకు అలా అడుగుతుందో అర్థమవుతుంది: నాయకత్వం, పరిచయాలు పెంచుకునే తీరు, బ్రిటన్‌లోనే ఎందుకు, తర్వాత ఏం చేస్తావు. నాలుగూ కలిపితే ఒకటే ప్రశ్న, నువ్వు తిరిగెళ్లాక ఎవరికైనా పనికొస్తావా?

ఇక చప్పదనం సంగతి. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. మనల్ని చిన్నప్పటి నుంచి ‘గొప్పలు చెప్పుకోకురా, నలుగురూ నవ్వుతారు’ అని పెంచుతారు, దాంతో ఎస్సేలో ‘నేను’ అని రాయాల్సిన చోటల్లా ‘మా టీమ్’ వచ్చి కూర్చుంటుంది. సరే గొప్ప చెప్పుకోవాలి అని పూనుకుంటే ‘నాకు చిన్నతనం నుంచే నాయకత్వ లక్షణాలు ఉన్నాయి, ఐదో తరగతిలో క్లాస్ లీడర్‌ని’ అని మొదలవుతుంది. పలాస కుర్రాడొకడు నాకు సరిగ్గా ఇలాంటిదే పంపాడు. ఫోన్ చేసి, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు అని అడిగాను. ఊళ్లోనే ఉన్నాడట. ఏం చేశావంటే, ‘ఏం లేదండీ, మూడూళ్లు తిరిగి పడిపోయిన కొబ్బరిచెట్లూ జీడితోటలూ ఫోన్‌లో ఫొటోలు తీసి, నష్టపరిహారం జాబితాలో పేరు రానివాళ్ల లిస్టు రాసి ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చాను, ఐదారుసార్లు తిరిగితే కొందరి పేర్లు ఎక్కాయి’ అన్నాడు. ఏం లేదట! ఆ పిల్లాడికి అది నాయకత్వం అని తెలీదు, ఉద్దానంలో ఆ వారం అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు కాబట్టి. అదే రాయమన్నాను. ఎన్ని ఊళ్లు, ఎంతమంది, ఎవరు అడ్డం పడ్డారు, నువ్వు ఏమన్నావు, చివరికి ఏమైంది, ఏం కాలేదు. కాలేనిది కూడా రాయాలి, అది ఉంటేనే మిగతాది నమ్ముతారు.

మీ జీవితంలోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది, అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల గొడవో, ఆఫీసులో క్యాబ్ డ్రైవర్ల జీతాల సంగతో. దాన్ని పట్టుకోండి. చాట్‌బాట్‌తో రాయించకండి, చదివేవాళ్లు రోజుకి వందలు చదువుతారు, ఒకే పోపు వాసన దూరం నుంచే తెలిసిపోతుంది.

సిఫార్సు లేఖల గురించి ఒక్క మాట. ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అంటారు మన దగ్గర ప్రొఫెసర్లూ మేనేజర్లూ. నాకూ ఇదే జరిగింది, చాలా ఏళ్ల కిందట ఒక స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో రెండు లేఖల్లోనూ ఒకే విశేషణాలు ఎలా ఉన్నాయని అడిగారు, రెండూ నేను రాసుకున్నవే మరి. రాలేదు, రావలసింది కూడా కాదు. పెద్ద పదవిలో ఉన్నవాళ్ల దగ్గరికి కాకుండా, మీ పని నిజంగా చూసినవాళ్ల దగ్గరికి వెళ్లండి, మీరు చేసిన పనుల జాబితా ఒక పేజీ వాళ్ల చేతికిచ్చి, లేఖ మాత్రం వాళ్లనే రాయమనండి.

చెవెనింగ్ అప్లికేషన్లు మామూలుగా ఆగస్టులో తెరుస్తారు, అక్టోబరు దాకా ఉంటుంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూకి మే నెల చుట్టుపక్కల గడువు. రెండింటికీ దరఖాస్తు రుసుము లేదు.

ప్రశ్న: ఎవరో కన్సల్టెన్సీ వాళ్లు 45,000 కడితే జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామంటున్నారు, జీతం కూడా ఉంటుందట. కట్టొచ్చా?

కట్టకండి. ఐక్యరాజ్యసమితి ఎంపికలో ఏ దశలోనూ రుసుము తీసుకోదు. దాని సచివాలయం ఇచ్చే ఇంటర్న్‌షిప్‌కి అసలు జీతమే ఉండదు, జెనీవాలో గది అద్దె మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి, అంతర్జాతీయ కార్మిక సంస్థ అంతకు ముందు నుంచీ స్టైపెండ్ ఇస్తున్నాయి, వాటికి వాళ్ల సైట్‌లో నేరుగా ఎవరైనా పెట్టుకోవచ్చు, ఉచితంగా. ఆ కన్సల్టెన్సీ చేసేదీ అదే, మీ బదులు ఫారం నింపుతారు.

ప్రశ్న: వరంగల్. ఎంఏ పొలిటికల్ సైన్స్ 64 శాతంతో పాసయ్యాను, ఎస్సీ. లండన్‌లో కులం, దక్షిణాసియా రాజకీయాల మీద మాస్టర్స్ చేసి తర్వాత పీహెచ్‌డీ చేయాలనుంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మంచిదా, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంచిదా?

తమ్ముడూ, నీ ప్రశ్నలో ఒక ముల్లు ఉంది, ముందు అది తీద్దాం. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు 2022లో మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకి ఈ డబ్బు ఇవ్వం అన్నారు. ఇలాంటివి చదవడానికి బయటికి వెళ్లడం దేనికి, ఇక్కడే చదవొచ్చు కదా అన్నది ప్రభుత్వం వాదన. కులం గురించి చదవాలనుకునే దళిత విద్యార్థికే ఆ తలుపు మూస్తే ఎలా అని అప్పట్లో చాలామంది అడిగారు. నా మటుకు నాకు వాళ్లు అడిగింది న్యాయంగానే అనిపించింది. కాబట్టి నువ్వు చెప్పిన అంశం అలాగే రాస్తే అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ రాజకీయాలు, మానవ హక్కులు, తులనాత్మక రాజకీయాలు లాంటి కోర్సులో సీటు తెచ్చుకుంటే మాస్టర్స్‌కి ఇబ్బంది ఉండదు. పీహెచ్‌డీ అంశం అప్పటికి అక్కడి విశ్వవిద్యాలయమే ఇచ్చే ఫండింగ్‌తో చూసుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి నాకేం సంతోషంగా లేదు.

మిగతా లెక్కలు ఇవీ. కేంద్రం స్కీమ్‌లో ఏడాదికి 125 మంది, అందులో 115 ఎస్సీలకి, మిగతావి సంచార జాతులకీ, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకీ. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, 60 శాతం మార్కులు, 35 ఏళ్ల లోపు, సీటు క్యూఎస్ అనే ప్రపంచ విశ్వవిద్యాలయాల ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విశ్వవిద్యాలయంలో ఉండాలి. ఫీజు మొత్తం ఇస్తారు, బ్రిటన్‌లో ఖర్చులకి ఏడాదికి 9,900 పౌండ్లు. వినడానికి బాగుంటుంది గానీ నెలకి 825 పౌండ్లు లండన్‌లో గది అద్దెకే సరిపోకపోవచ్చు. లీడ్స్, షెఫీల్డ్ లాంటి ఊళ్లయితే ఇదే డబ్బుతో నెట్టుకురావొచ్చు, లండన్ మోజు ఉంటే ఇప్పుడే ఆలోచించుకో. ఇంకోటి, 2025లో 106 మందిని ఎంపిక చేసి మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు, మిగతావాళ్లకి నిధుల్ని బట్టి ఇస్తామన్నారు. సీటు ఉంది, ఎంపిక జాబితాలో పేరుంది, కాగితం రాలేదు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అందుకని దీని మీద ఒక్కదాని మీదే ఉండకు.

తెలంగాణ విద్యానిధి 20 లక్షలు, ఆదాయ పరిమితి దీనికంటే తక్కువ, 5 లక్షలు. సోషల్ సైన్సెస్ వాళ్లకీ ఇస్తారు, అంశం గురించి పైన చెప్పిన పేచీ లేదు. కాకపోతే డబ్బు రెండు విడతల్లో వస్తుంది, మొదటిది నువ్వు అక్కడ దిగినట్టు కాగితం చూపించాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం వచ్చాక. అంటే వీసాకి చూపించాల్సిన డబ్బూ, టికెట్టూ, మొదటి ఫీజు వాయిదా ముందు నీ చేతి నుంచే పెట్టుకోవాలి. లేనివాడికోసం పెట్టిన స్కీమ్‌లో ముందు నువ్వు పెట్టుకో, తర్వాత ఇస్తాం అనడం విడ్డూరమే. బ్యాంకు లోను మంజూరు చేయించుకుని పెట్టుకున్నవాళ్లే దీంట్లో ఒడ్డున పడుతున్నారు.

ఆ స్కీమ్ ఎవరి పేరు మీద ఉందో ఆయన కథా ఇలాంటిదే కదా. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకి పదకొండున్నర పౌండ్లు చొప్పున మూడేళ్లకి ఇస్తే అంబేద్కర్ కొలంబియా వెళ్లారు, తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని రాసిచ్చి మరీ. లండన్‌లో చదువు మధ్యలో ఉండగా గడువు అయిపోయి 1917లో వెనక్కి రావలసి వచ్చింది. వచ్చి బరోడాలో చేరితే అంత చదువుకున్న మనిషికి ఉండడానికి ఇల్లు ఇచ్చినవాళ్లు లేరు. తర్వాత బొంబాయిలో కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది, స్నేహితుడి దగ్గర అప్పు, కొల్హాపూర్ మహారాజు సాయం కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లి పూర్తి చేశారు. ఒక్క స్కాలర్‌షిప్‌తో అయిపోయిన చదువు కాదది. నువ్వు కూడా మూడు నాలుగు చోట్ల నుంచి కలిపి కుట్టుకోవడానికి సిద్ధంగా ఉండు. కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్‌కి కూడా పెట్టు, అది సొంత డబ్బుతో బ్రిటన్‌లో చదవలేనివాళ్ల కోసమే ఉంది.

ఆంధ్రలో ఉన్న పాఠకులు ఇదే అడుగుతారు కాబట్టి: అక్కడ విదేశీ విద్య పథకం పేరూ, ర్యాంకుల నియమాలూ ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. పాత యూట్యూబ్ వీడియో చూసి లెక్కలు వేసుకోకండి, ఆ ఏడాది జీవో తీసి చదవండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం, మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. కాలేజీలో మూడో సంవత్సరం, పొలిటికల్ సైన్స్. లా చదవమంటే వినడం లేదు, అమెరికా విదేశాంగ శాఖలో పనిచేస్తానంటోంది. దీనికి డబ్బులిచ్చే ఫెలోషిప్పులు ఉన్నాయంటుంది, నిజమేనా? మా వాళ్లెవరూ ఆ వైపు వెళ్లలేదండీ.

నిజమేనండీ. మీ వాళ్లెవరూ వెళ్లలేదు అన్న మాట నాకు బాగా తెలుసు, అక్కడ మన తెలుగువాళ్లలో డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉన్నంతగా దౌత్యవేత్తలు కనిపించరు.

మూడో సంవత్సరం అన్నారు కాబట్టి మొదట చూడాల్సింది ట్రూమన్ స్కాలర్‌షిప్. అధ్యక్షుడు ట్రూమన్ పేరు మీద 1975లో అమెరికా కాంగ్రెస్ పెట్టింది, పీజీ చదువుకి 30,000 డాలర్ల దాకా ఇస్తుంది, సరిగ్గా మూడో ఏడాదిలోనే పెట్టుకోవాలి. నేరుగా కుదరదు, కాలేజీ నామినేట్ చేయాలి, కాబట్టి రేపే వెళ్లి కాలేజీలో ఫెలోషిప్ సలహాదారుని కలవమనండి. చదువయ్యాక ఏడేళ్లలో మూడేళ్లు ప్రజాసేవలో ఉండాలి. తర్వాత పికరింగ్, రాంగెల్ అని రెండు, తిన్నగా విదేశాంగ శాఖలోకి తీసుకెళ్లేవి. పికరింగ్ 1992లో, రాంగెల్ 2002లో మొదలయ్యాయి. రెండేళ్ల మాస్టర్స్‌కి ఏడాదికి 40,000 డాలర్లు అటూ ఇటూగా ఇచ్చి, ఇంటర్న్‌షిప్పులు చేయించి, ఆపైన ఐదేళ్లు ఫారిన్ సర్వీస్‌లో పనిచేయాలని రాయించుకుంటారు. పౌరసత్వం తప్పనిసరి, మీ అమ్మాయికి ఉంది కాబట్టి సరే. గ్రీన్ కార్డు మీద ఉన్న పిల్లలైతే పాల్ అండ్ డైసీ సోరోస్ ఫెలోషిప్ చూసుకోవాలి, అది వలస వచ్చినవాళ్లకీ వాళ్ల పిల్లలకీ, ఏటా 30 మందికి, 90,000 డాలర్ల దాకా ఇస్తారు.

అయితే ఒక హెచ్చరిక. ఈ దారి ఈమధ్య బాగా కుదుపులకి లోనైంది. 1977 నుంచి ఫెడరల్ ప్రభుత్వంలోకి పీజీ చదివిన పిల్లల్ని తెచ్చిన ప్రెసిడెన్షియల్ మేనేజ్‌మెంట్ ఫెలోస్ కార్యక్రమాన్ని 2025 ఫిబ్రవరిలో ఒక్క ఉత్తర్వుతో ఎత్తేశారు. విదేశీ సాయం చూసే యూఎస్‌ఎయిడ్ అదే ఏడాది జులైలో మూతపడింది, దానికి మనుషుల్ని తయారుచేసే పేన్ ఫెలోషిప్‌కి పని లేకుండా పోయింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ ఫెలోషిప్ అయినా ఆ ఏడాది దరఖాస్తులు తెరిచారా లేదా చూసుకున్నాకే ఎస్సే మొదలుపెట్టాలి. ట్రూమన్‌తో పాటు విశ్వవిద్యాలయాల సొంత డబ్బు మీద కూడా దృష్టి పెట్టమనండి. ఉదాహరణకి ప్రిన్స్‌టన్ పబ్లిక్ అఫైర్స్ స్కూల్లో ఎంపీఏ సీటు వస్తే ట్యూషన్ ఫీజు వాళ్లే భరిస్తారు, సీటు రావడమే కష్టం.

ఇంకో చిన్న సంగతి, నవ్వు వస్తుంది గానీ నిజం. ఉద్యోగంలో చేరే ముందు భద్రతా తనిఖీ ఉంటుంది, విదేశాల్లో ఉన్న దగ్గరి బంధువుల, తరచూ మాట్లాడేవాళ్ల వివరాలు రాయాలి. అమెరికన్లకి అది ఒక పేజీ, మన ఇళ్లల్లో పెద్దమ్మ, చిన్నాన్న, మేనత్త కొడుకులు, రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టే మామయ్యతో సహా ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. పుట్టినతేదీలతో ఒక లిస్టు ఇప్పటి నుంచే రాసి పెట్టండి. లా సంగతి వదిలేయండి, ట్రూమన్ డబ్బుతో తర్వాత లా కూడా చదువుకోవచ్చు, ఆమెకే అనిపిస్తే.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ అయ్యింది, క్యాంపస్‌లో 7 లక్షల ఉద్యోగం వచ్చింది. దాన్ని వదిలేసి ఢిల్లీలో ఎవరో ఎంపీ దగ్గర ఇరవై వేల చిల్లరకి ‘ల్యాంప్ ఫెలో’గా చేరతానంటున్నాడు. అంటే పీఏ ఉద్యోగమేనా? మీరైనా చెప్పండి.

పీఏ కాదండీ, ఫోన్లు ఎత్తడం, రైల్వే కోటా ఉత్తరాలు రాయడం కాదు. ఢిల్లీలో చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ అనే సంస్థ ఈ ల్యాంప్ ఫెలోషిప్‌ని 2010 నుంచి నడుపుతోంది. ఒక్కో ఫెలోని ఒక్కో ఎంపీకి జతచేస్తారు, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల చివరిదాకా. 25 ఏళ్లు దాటకూడదు, ఏ డిగ్రీ అయినా సరే. లోక్‌సభలో రోజూ మొదటి గంట ప్రశ్నోత్తరాలు, 20 ప్రశ్నలకి మంత్రి లేచి జవాబు చెప్పాలి, మరో 230కి రాతపూర్వకంగా ఇస్తారు. మీ ఎంపీ అడగదగ్గ ప్రశ్న ఏది, ఈ బిల్లులో ఏడో క్లాజు మిర్చి రైతుకి ఏం చేస్తుంది, మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే ప్రైవేటు మెంబర్ బిల్లు ఎలా రాయాలి, ఇవన్నీ రాత్రి కూర్చుని తయారుచేసేది ఈ పిల్లలు. ఏ పార్టీ ఎంపీ వస్తాడో మీవాడి చేతిలో ఉండదు, మీ ఇంట్లో గిట్టని పార్టీ కూడా కావొచ్చు, అది కూడా మంచిదే.

డబ్బు తక్కువే, ఢిల్లీలో ఇద్దరితో గది పంచుకుంటే సరిపోతుంది, మిగిలేది ఉండదు. ఇది పదకొండు నెలల వ్యవహారం, ఆ తర్వాత ఉద్యోగం హామీ లేదు. కానీ ఇందాకటి సాఫ్ట్‌వేర్ పాఠకుడి ప్రశ్న మళ్లీ ఒకసారి చదవండి, నాలుగేళ్ల జీతం ఉన్నా తన దగ్గర లేనిదేమిటో ఆయన వెతుక్కుంటున్నాడు, మీవాడికి అది మొదటి ఏడాదిలోనే దొరుకుతుంది. పబ్లిక్ పాలసీ మీద నిజంగా మనసుంటే పంపండి. స్నేహితుడు వెళ్తున్నాడని వెళ్తానంటే మాత్రం ఉద్యోగంలో చేరమనండి. మీరు అడిగితే చెప్తాడు, అరవకుండా అడిగితే.

సివిల్స్ రాసే పిల్లలున్న తెలంగాణ తల్లిదండ్రులకి ఇక్కడే ఒక మాట: ప్రిలిమ్స్ పాసైనవాళ్లకి సింగరేణి సంస్థ ద్వారా 2024 నుంచి లక్ష రూపాయలు ఇస్తున్నారు, ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. పేపర్లో వచ్చినా చాలామంది గమనించినట్టు లేదు, నాకు ఒక్కరూ దీని గురించి రాయలేదు.

ప్రశ్న: మూడేళ్లుగా అప్లై చేస్తున్నాను, ఏదీ రాలేదు. ఈసారి ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లిపోదామనుకుంటున్నాను, గ్లోబల్ అఫైర్స్‌లో సీటు ఉంది, మొత్తం ఖర్చు 62 లక్షలు. పేరు, ఊరు వేయకండి.

వేయను. ఇల్లు పెట్టకండి. ఈ చదువు అయ్యాక వచ్చే ఉద్యోగాలు, ఎన్‌జీవోలు, పరిశోధన సంస్థలు, ఐక్యరాజ్యసమితిలో కాంట్రాక్టు పనులు, మొదటి ఐదారేళ్లు 62 లక్షల అప్పుని మోయలేవు. ఎంబీఏకి, ఎంఎస్‌కి వేసే లెక్క దీనికి వేస్తే కొంప మునుగుతుంది, మాట వరసకి కాదు, మీ విషయంలో నిజంగానే.

విశ్వవిద్యాలయానికి మెయిల్ పెట్టి సీటు ఏడాది వాయిదా వేయమని, ఫీజులో రాయితీ పెంచమని అడగండి, అడిగితే సీటు తీసేయరు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజే ఉండదు, ఇంగ్లిష్‌లో నడిచే పాలసీ, అంతర్జాతీయ సంబంధాల కోర్సులు ఉన్నాయి, ఖర్చు బాగా దిగుతుంది. మూడేళ్లు అభివృద్ధి రంగంలో పనిచేసి ఉంటే జపాన్ ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చే స్కాలర్‌షిప్‌కి అర్హులవుతారు, మూడేళ్లుగా మీరు ఏ ఉద్యోగం చేస్తున్నారో రాయలేదు. అప్పే చేయక తప్పదంటే జేఎన్ టాటా ఎండోమెంట్ ఉంది, 1892లో పెట్టింది, వాళ్లు ఇచ్చేది ఊరికే ఇచ్చే డబ్బు కాదు, తిరిగి కట్టాల్సిన లోన్ స్కాలర్‌షిప్, అయినా ఇల్లు తాకట్టు అంత భయం ఉండదు. కేఆర్ నారాయణన్ 1945లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లింది కూడా టాటాల సాయంతోనే, కేరళలో పేద కుటుంబం, చదివొచ్చి 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు.

మూడేళ్ల అప్లికేషన్లలో ఏదైనా ఒకటి నాకు పంపండి, ఎస్సేలతో సహా. ఎక్కడ ఆగుతోందో చూస్తాను. ఆలోగా ఇంటి కాగితాలు మీ అమ్మగారి బీరువాలోనే ఉంచండి.